డయల్ గేజ్ విప్పి బిగించాక ముల్లు సున్నాకి సరిగ్గా రావట్లేదు. హెయిర్‌స్ప్రింగ్ ఎంత చుట్టాలి?

అందరికీ నమస్కారం. ఇంట్లో చిన్న లేత్ పెట్టుకుని పని చేసుకుంటుంటాను. 0.01 మి.మీ. చూపే, 10 మి.మీ. దాకా కదిలే పాత డయల్ గేజ్ (చిన్న కదలికల్ని ముల్లుతో చూపే కొలత సాధనం) ఒకటి ఉంది. దాని ప్లంజర్ (కింద నుంచి పైకీ కిందికీ జారే కడ్డీ) మధ్యలో పట్టేస్తోందని విప్పాను. ఎప్పుడో ఎవరో వేసిన నూనె తేనెరంగు జిగురులా మారి లోపలి చక్రాల పళ్ల సందుల్లో గడ్డకట్టి ఉంది. అంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టి, ప్లంజర్‌కి నూనె వెయ్యకుండానే బిగించాను. ఇప్పుడు హాయిగా జారుతోంది.

చిక్కంతా ముల్లుతోనే. ప్లంజర్ ఎత్తి వదిలితే ఒకసారి సున్నా దగ్గర, ఇంకోసారి రెండు మూడు గీతల అవతల ఆగుతోంది. గోటితో మెల్లగా తాకితే అటూ ఇటూ ఊగుతోంది కూడా. ఇదంతా మొదటి 3 మి.మీ. లోనే. ఆ తర్వాత రీడింగ్ పక్కాగా ఉంది. అందుకే మొదట్లో హెయిర్‌స్ప్రింగ్‌కి (చక్రాల పళ్లని ఎప్పుడూ ఒకవైపుకే ఆనించి ఉంచే సన్నని చుట్ల స్ప్రింగ్) బిగువు లేక, పళ్ల మధ్య సందు అలాగే ఉండిపోతోందని నా అనుమానం.

విప్పేటప్పుడు ఆ స్ప్రింగ్ ఉన్న చక్రం చటుక్కున వెనక్కి తిరిగిపోయింది. ఎన్ని చుట్లో చూసుకోలేకపోయాను. ప్రతి దశకీ ఫోటో తీసినవాణ్ణి, అదొక్కటే తీయలేదు, చాలా బాధగా ఉంది. అందాజుగా అర చుట్టు చుట్టి బిగించాను.

ప్లంజర్ పూర్తిగా కిందికి ఉన్నప్పుడు ఎంత బిగువు ఉంచాలి? ఇంకో అర చుట్టు పెంచితే, ప్లంజర్ పూర్తిగా పైకి వెళ్లినప్పుడు స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి రాసుకుంటాయేమోనని టెన్షన్. ఇరుసు మొనలకు వాచీ నూనె చుక్క పెట్టాలా, పొడిగానే వదిలేయాలా? ఇలాంటివి స్వయంగా బాగుచేసినవాళ్లు దయచేసి చెప్పండి.