180 టెస్ట్ కేసులూ ఆటోమేషన్‌లో పెట్టేస్తే మనిషి అక్కర్లేదా?

తోటపాలెం_టెస్టర్ (విజయనగరం):
పలాస జీడి వ్యాపారులు వాడే బిల్లింగ్ వెబ్ యాప్‌కి టెస్టింగ్ మాది. చేత్తో చేసే కేసులు 180. అన్నీ సెలీనియంలో (బ్రౌజర్‌ని మనిషిలా తనే నడిపే టూల్) ఎక్కించేస్తే ఇక మనిషి చూడక్కర్లేదని మేనేజర్ గారి లెక్క. గడువు రెండు నెలలు. ఇప్పటికి 40 అయ్యాయి. రాత్రి రన్‌లో రోజూ ఐదారు ఫెయిల్, మళ్లీ నడిపితే పాస్. బగ్ రాస్తే డెవలపర్లు "నీ స్క్రిప్టే తేడా" అని మూసేస్తున్నారు. మూడుసార్లు రీట్రై పెట్టేసి ఊరుకోనా?

నాగావళి_ఒడ్డు:
వద్దండీ. పెట్టినా, మొదటి ఫెయిల్ తాలూకు స్క్రీన్‌షాటు, బ్రౌజర్ కన్సోల్ లాగ్ (బ్రౌజర్ రాసుకున్న చిట్టా), సర్వర్ లాగ్ దాచాకే. రెండోసారి పాసైతే బాగున్నట్టు కాదు. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు ‘సేవ్’ రెండుసార్లు నొక్కితే రెండు బిల్లులు పడే రకం బగ్గులు ఇలాగే ఒకసారి కనబడి ఒకసారి దాక్కుంటాయి.

స్క్రిప్టులో ముందు థ్రెడ్ స్లీప్‌లు (ఇన్ని సెకన్లు ఊరికే ఆగు అని చెప్పే లైన్లు) వెతకండి. 3 సెకన్లు ఆగమని రాస్తే, సర్వర్ 3.2 తీసుకున్న రాత్రి ఫెయిలే. అర సెకనులో వచ్చేసిన రాత్రి మిగతా రెండున్నరా దండగే. సెలీనియంలోని వెబ్‌డ్రైవర్‌వెయిట్ వాడితే, కావాల్సింది వచ్చిందా అని అర సెకనుకోసారి చూసి, కనబడగానే కదులుతుంది. దాంతో ఇంప్లిసిట్ వెయిట్ (ప్రతి వెతుకులాటకీ ఒకేలా పెట్టే ఆగే సమయం) కలిపితే ఎంతసేపు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు, దాన్ని సున్నాకి దించేయండి. డివ్ (పేజీలో ఒక భాగం) లోపల డివ్ లోపల మూడో డివ్ అని రాసిన ఎక్స్‌పాత్‌లు (బటన్ పేజీలో ఎక్కడుందో చెప్పే దారులు) పైన ఒక బ్యానర్ చేరితే పోతాయి. డెవలపర్ చేత డేటా-టెస్ట్‌ఐడీ (టెస్టు కోసమే బటన్‌కి పెట్టే పేరు) పెట్టించుకోండి.

ఎక్కువమంది చూడనిది డేటా. అన్ని టెస్టులూ ఒకే వ్యాపారి ఖాతా వాడితే, ఒకటి బాకీ కట్టేస్తుంది, పక్కది బాకీ ఇంకా ఉందనుకుని ఫెయిలవుతుంది. ఏ టెస్టు ఖాతా అదే తయారు చేసుకోవాలి. వరస మార్చి నడపండి, దొరికిపోతుంది.

జీడిబద్ద (శ్రీకాకుళం):
అసలు 180 కేసులూ బ్రౌజర్‌లో ఎందుకు? వాటిలో సగం లెక్కలే అయ్యుంటాయి. తూకం 79.65 కిలోలు, రేటు 152.50 అనుకోండి, 12,146.625 వస్తుంది. అర పైసాని పైకి ఎత్తేస్తే .63. జావాలో అంకెల్ని చూపించే రూపంలోకి మార్చే డెసిమల్‌ఫార్మాట్‌ని దాని మానాన వదిలేస్తే, సరిగ్గా మధ్యన పడినప్పుడు సరిసంఖ్య వైపు పోతుంది కాబట్టి .62. స్క్రీన్ ఒకటి, పీడీఎఫ్ ఇంకొకటి చెప్తే వ్యాపారి ఊరుకోడు. ఇలాంటివి వందైనా ఫంక్షన్ స్థాయిలో జేయూనిట్‌తో (జావా కోడ్‌ని బ్రౌజర్ లేకుండా నేరుగా టెస్ట్ చేసే టూల్) రాస్తే సెకన్లలో అయిపోతాయి. బ్రౌజర్‌లో లాగిన్, ఒక బిల్లు, ఒక వసూలు, ఒక రద్దు... పది పదిహేను దాటక్కర్లేదు.

మనిషి అక్కర్లేదన్న మాటకొస్తే, స్క్రిప్టు మీరు చూడమన్నదే చూస్తుంది. మూడంగుళాల థర్మల్ స్లిప్పు మీద ‘వజ్రపుకొత్తూరు’లో జ్ర ఒత్తు విడిపోయి డబ్బాలుగా పడినా, మొత్తం సరిపోతే దానికి పాసే. ప్రతి రిలీజుకీ స్లిప్పు తీసి కళ్లతో చదవాలి.

ఇంకోటి. కోడ్‌లో ఒక ప్లస్‌ని మైనస్ చేసి మీ 40 టెస్టులూ నడపండి. అయినా పాసైన ప్రతిదానిలోనూ ఆ లెక్కని సరిచూసే అసర్ట్ లేనట్టే.

బొబ్బిలి_వీణ:
మూసేస్తున్నారన్నారు కదా, బగ్ ఎలా రాస్తున్నారు? "బిల్లు రావట్లేదు" అంటే ఎవరైనా మూసేస్తారు. బిల్డ్ నంబరు (యాప్ ఏ వెర్షనో), వాడిన ఖాతా, కొట్టిన తూకం, రేటు, రావాల్సింది, వచ్చింది, ఎన్నిసార్లకి ఎన్నిసార్లు వచ్చిందో రాయండి. పదిసార్లలో రెండుసార్లు అని రాస్తే "మా దగ్గర రాట్లేదు" అనడానికి కుదరదు. తీవ్రత వేరు, తొందర వేరు: కంపెనీ పేరులో అక్షరం తప్పితే తీవ్రత తక్కువే, కానీ సాయంత్రంలోగా సరిచెయ్యాలి. బగ్గుల లెక్కతో డెవలపర్‌కి మార్కులు వేసే అలవాటుంటే ముందు అది మాన్పించండి. లేకపోతే మీరెంత బాగా రాసినా వాళ్లు మూయడానికే చూస్తారు.

తోటపాలెం_టెస్టర్:
ఆ ఐదింటినీ విడివిడిగా నడిపాను. మూడు ఒకే ఖాతా గొడవ. నాలుగోది రెండు బిల్లులు వేస్తోంది, నంబర్లు పక్కపక్కనే. ఐదోది ఇంకా దొరకలేదు.

నాగావళి_ఒడ్డు:
ఆ రెండు బిల్లులూ ఎప్పుడు పడ్డాయో డేటాబేస్‌లో మిల్లీసెకన్లతో సహా తీసి బగ్‌లో పెట్టండి.