జిప్సీకి 31 అంగుళాల టైర్లు: కమాన్లు యాక్సిల్ పైకి ఎక్కించాలా, వద్దా?

బురదబండి: బండి మారుతి జిప్సీ కింగ్, కంపెనీ కమాన్లే (ఆకు స్ప్రింగులే) ఉన్నాయి. 205/70 ఆర్15 తీసేసి 31 అంగుళాలవి వేయాలి. షెడ్డులో ఆర్క్ వెల్డింగ్, గ్రైండర్, జాకీలు ఉన్నాయి. యాక్సిల్ కిందున్న కమాన్లను పైకి మార్చమని కొందరు, పొడవు షాకిళ్లు (కమాన్ కొనను ఛాసిస్‌కి కలిపే ఊగే పట్టీలు) చాలని కొందరు అంటున్నారు. ఏది మేలు?

కమాన్‌కట్ట: పైకే ఎక్కించండి. షాకిల్ రెండంగుళాలు పొడిగిస్తే బండి లేచేది ఒక్క అంగుళం. జిప్సీకి ముందు కమాన్ల షాకిల్ బంపర్ వైపు ఉంటుంది కాబట్టి, అది పొడిగిన కొద్దీ కాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. కమాన్లు పైకి మారిస్తే సుమారు ఐదంగుళాలు వస్తుంది. యూ బోల్ట్ ప్లేట్లు కూడా రాళ్లకు తగలవు.

నల్లరేగడి: ఆ ఐదంగుళాల వల్ల క్రౌన్ హౌసింగ్ (యాక్సిల్ మధ్య గేర్ల గుండు) కింద నేలకున్న ఎడం వెంట్రుకవాసి కూడా పెరగదు అన్నా. అక్కడ పెంచేది టైరొక్కటే. పాత టైరు ఎత్తు 668 మి.మీ., కొత్తది 787. అందులో సగం, అంటే 60 మి.మీ., మీ అసలు లాభం. నష్టం మాత్రం పెద్దది. జిప్సీ ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) సుమారు 1300 మి.మీ. బరువు కేంద్రం 650 ఎత్తులో ఉందనుకుంటే, లెక్క ప్రకారం 45 డిగ్రీల పక్కవాలు దాకా నిలుస్తుంది. కేంద్రాన్ని 150 పైకి తీసుకెళ్తే అది 39కి పడిపోతుంది. కమాన్ వంగడం, టైరు నొక్కుకోవడం కలిస్తే ఇంకా ముందే బోల్తా.

కమాన్‌కట్ట: లెక్క ఒప్పుకుంటా. బయటికి వచ్చే రిమ్ములు వేస్తే ట్రాక్ కొంత తిరిగొస్తుంది. వీల్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది, అది వేరే ఖర్చు.

లేత్‌మేస్త్రి: ఎక్కించాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఎక్కిస్తే మాత్రం ఈ పని సగంలో ఆపేది కాదు. కొత్త పెర్చ్‌లు (యాక్సిల్ మీద కమాన్ కూర్చునే పీటలు) కనీసం 6 మి.మీ. ప్లేటుతో చేయండి. ముందు వెల్డింగ్ చుక్కలు మాత్రమే పెట్టి, బండిని టైర్ల మీదకు దించి, బరువంతా పడ్డాక కోణం కొలిచి, అప్పుడే పూర్తి వెల్డింగ్. జాకీ మీద వేలాడుతున్న బండికి కొలిస్తే ఆ కొలత చెత్త.

వెనక మామూలు జాయింట్ షాఫ్టే ఉంటే పిన్యన్ (షాఫ్ట్ కొనన క్రౌన్‌ని తిప్పే చిన్న గేరు), ట్రాన్స్‌ఫర్ కేస్ (నాలుగు చక్రాలకూ శక్తి పంచే గేరుపెట్టె) ఫ్లేంజ్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. యాక్సిల్ లాగినప్పుడు పిన్యన్ పైకి లేస్తుంది కనుక ఒకటి రెండు డిగ్రీలు కిందికి వదలండి. ముందు యాక్సిల్‌లో చిక్కు ఉంది: పిన్యన్ పైకి తిప్పితే కాస్టర్ పోతుంది. నకిల్స్ (ముందు చక్రాలు తిరిగే స్టీరింగ్ కీళ్లు) కోసి తిప్పి అతికే ధైర్యం లేకపోతే కాస్టర్‌నే కాపాడి షాఫ్ట్ కోణాన్ని భరించండి.

వెల్డింగ్‌కి 7018 రాడ్ వాడండి, అదీ ఓవెన్‌లో ఆరబెట్టింది. 3.15 మి.మీ. రాడ్‌కి 110 ఆంపియర్ల చుట్టుపక్కల చాలు. యాక్సిల్ షాఫ్టులు, సీళ్లు ముందే బయటికి తీయండి. అంగుళం చొప్పున అటొకటి ఇటొకటి అతుకుతూ చల్లారనివ్వాలి. ఏకధాటిగా లాగితే యాక్సిల్ ట్యూబు వంగుతుంది, ఆ తర్వాత వీల్ బేరింగులూ సీళ్లూ వరసపెట్టి పోతాయి. నీళ్లు కొట్టొద్దు. ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే ఉండాలి, బ్యాటరీ తీగ ఊడదీసి ఉండాలి.

నల్లరేగడి: కమాన్ మెలి తిరగడం గురించి చెప్పలేదేం మేస్త్రి గారూ?

లేత్‌మేస్త్రి: వస్తున్నా. కమాన్ పైకెళ్లాక యాక్సిల్ మెలిక దాన్ని మరింత గట్టిగా పడుతుంది. కమాన్ ‘ఎస్’ ఆకారంలో వంగి, వదిలినప్పుడు ఢామ్మని కొడుతుంది, చివరికి జాయింట్ క్రాస్ విరుగుతుంది. దీనికి ట్రాక్షన్ బార్ (యాక్సిల్ మెలి తిరగకుండా ఛాసిస్‌తో పట్టి ఉంచే కడ్డీ) వేయాలి. దాని ముందు కొన షాకిల్ మీద ఆడాలి. ఛాసిస్‌కి నేరుగా బిగిస్తే కమాన్ కదలిక బిగుసుకుపోయి మొదటి గుంతలోనే అతుకు ఊడుతుంది.

ఇంకోటి: డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ) మరీ ఏటవాలుగా ఉంటే గుంత పడ్డ ప్రతిసారీ స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది. నకిల్ మీద ఎత్తైన ఆర్మ్ వేసి లింకును యాక్సిల్‌కి సమాంతరంగా తేవాలి. ఉన్న లింకునే వంచి అతకడం మాత్రం వద్దే వద్దు. బ్రేక్ గొట్టాలు పొడవువి వేసి, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు లాగడం లేదని చూడండి.

చిట్టడవి: ఇంత యాగీ దేనికి? 235/75 ఆర్15 వేయండి, దాదాపు 29 అంగుళాలు. కమాన్ల మీద రెండంగుళాల లిఫ్ట్, ఫెండర్ అంచులు కోసి మడిచి గొట్టం అంచు అతకడం. ఆ సైజుతో మన బురద దాటలేని జిప్సీకి 31 వేసినా దాటదు, తేడా డ్రైవర్‌లోనో లాకర్‌లోనో (యాక్సిల్ రెండు చక్రాలనూ కలిపి తిప్పే పరికరం) ఉంటుంది.

కమాన్‌కట్ట: బురదకి సరే. రాళ్లగుట్టకి 29 చాలదు.

దారిమైలు: రోడ్డెక్కుతుందా ఈ బండి? తయారీదారు అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద. బీమా క్లెయిము దగ్గరా ఇదే ఎదురవుతుంది. ఆఫ్‌రోడ్ ట్రాక్‌కి ట్రైలర్ మీద వెళ్లేదైతేనే ఈ చర్చకు అర్థం.

బురదబండి: ట్రైలర్ మీదే వెళ్తుంది. 29కి మొగ్గుతున్నా. ఒకవేళ 31కే వెళ్తే ఇంజిన్ లాగుతుందా?

లేత్‌మేస్త్రి: 1.3 లీటర్ల ఇంజిన్. 26.3 నుంచి 31కి వెళ్తే నేలమీద పడే లాగుడు 15 శాతం తగ్గుతుంది, లో గేరు ఉన్నా రాతి మీద క్లచ్ కాలుతుంది. బ్రేకుదీ అదే లెక్క: అంతే గట్టిగా తొక్కితే 15 శాతం తక్కువ ఆపుతుంది. క్రౌన్ పిన్యన్ నిష్పత్తి, బ్రేకులు రెండూ మార్చే డబ్బు పక్కన పెట్టుకున్నాకే పెర్చ్‌లు కోయండి.