పీడీపీ-11/34 పవర్ సప్లై: నెమ్మదిగా లేపాలా, కెపాసిటర్లన్నీ పీకేయాలా?

డాలస్_వాసు: గ్యారేజీలోకి పీడీపీ-11/34 తెచ్చుకున్నా, డెక్ కంపెనీ వాళ్ల డెబ్బైల నాటి మినీ కంప్యూటరు. ఇరవై ఏళ్లుగా కరెంటు మొహం చూడని మిషను. బోర్డులన్నీ బయటికి తీసేశా. 5 వోల్టులకి లోపల వోల్టేజీని నిలకడగా ఉంచే హెచ్744 రెగ్యులేటర్లు రెండున్నాయి, ఒక్కోటి 25 ఆంపియర్లు. ఇక స్విచ్చు వేసేయనా?

రేడియో_బాబాయ్: ఆగు నాయనా! వేరియాక్, అదే వోల్టేజీ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్, పెట్టి మెల్లగా పెంచు. వాడకుండా వదిలేస్తే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లో ఆక్సైడ్ పొర పల్చబడుతుంది. తక్కువ వోల్టేజీతో మొదలెడితే మళ్లీ కట్టుకుంటుంది. వేరియాక్ లేదా, సిరీస్ బల్బు పెట్టుకో. విజయవాడలో నలభై ఏళ్లు, మా షాపుకి వచ్చిన ప్రతి రేడియోకీ అదే చేశా.

కిట్టు_ఈఎస్ఆర్: బాబాయ్ గారూ, రేడియో వేరు, ఇది వేరు. హెచ్744 స్విచ్చింగ్ రెగ్యులేటర్, ట్రాన్సిస్టర్‌ని గబగబా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజీ నిలబెడుతుంది. ఇన్‌పుట్ తగ్గితే అదే లోడుకి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. పాత కెపాసిటర్లు పీకేసి కొత్తవి వేస్తే గొడవ వదుల్తుంది.

రేడియో_బాబాయ్: లోడే పెట్టనప్పుడు ఎక్కడి కరెంటయ్యా? పోనీ, కెపాసిటర్ ఊడదీసి, సిరీస్‌లో రెసిస్టర్ పెట్టి బల్ల మీదే ఫార్మ్ చెయ్, అంటే ఆ పొర మళ్లీ కట్టుకోనివ్వు. లీకేజీ, అదే దాని గుండా కారిపోయే కరెంటు, తగ్గకపోతే అప్పుడు పారెయ్.

పద్మ_కుషాయిగూడ: ఈసీఐఎల్ వాళ్ల పాత కంప్యూటరు టీడీసీ-316 ఎవరి దగ్గరైనా ఉందా? ఫొటో ఉన్నా చాలు.

కిట్టు_ఈఎస్ఆర్: లీకేజీ తగ్గితే ఈఎస్ఆర్, అదే కెపాసిటర్ లోపలి నిరోధం, తగ్గినట్టు కాదండీ. మీటరు 5.0 అని నవ్వుతూ చూపిస్తుంది, ఆసిలోస్కోపు పెడితే వోల్టేజీలో ఎగుడుదిగుళ్లు (రిపుల్) చూసి గుండె గుభేలుమంటుంది. బోర్డుల మీదున్న టీటీఎల్ చిప్పులకి 4.75 నుంచి 5.25 వోల్టుల లోపలే ఉండాలి. 7 దాటిందా, ఇక వాటి మీద ఆశ వదులుకోవడమే.

డాలస్_వాసు: బోర్డుల బదులు లోడుకి కారు హెడ్‌లైటు బల్బు పనికొస్తుందా?

కిట్టు_ఈఎస్ఆర్: వస్తుంది. కానీ చల్లగా ఉన్న ఫిలమెంటు దాదాపు షార్టే. సప్లై లేవకపోతే తప్పు దానిదే అనుకోకు. 1 ఓం పవర్ రెసిస్టర్ నయం: 5 ఆంపియర్లు, 25 వాట్లు. వేలు మాత్రం పెట్టకు.

రేడియో_బాబాయ్: నేను బల్బంటే తప్పు, తనంటే ఒప్పు!

కిట్టు_ఈఎస్ఆర్: మీది ఇన్‌పుట్ వైపు, ఇది అవుట్‌పుట్ వైపు! చదవకుండా రాసేస్తే ఎలా సార్? ఎవరు చెప్పినా వినరు మీరు.

రేడియో_బాబాయ్: నా మాట ఎవరు విన్నారు బాబూ? 1988లో మా ఆఫీసు మినీ కంప్యూటరు ఏడాదిన్నర మూలపడింది. రెండ్రోజులు టైమివ్వమన్నా. “నీ మంత్రాలు తర్వాత” అని ఆఫీసరే స్విచ్చు వేశాడు. కెపాసిటర్ పేలింది. మెమో నాకొచ్చింది. మిషన్ని కిలోల లెక్కన అమ్మేశారు. లారీ ఎక్కించిన వాళ్లలో నేనూ ఉన్నా.

కిట్టు_ఈఎస్ఆర్: అయ్యో. కానీ నేను స్విచ్చు వేసేయమనలేదు కదండీ, మార్చమన్నా.

రేడియో_బాబాయ్: అదేనయ్యా నా ఏడుపు. బతికుందో లేదో చూడకుండా అన్నీ పీకేస్తే చివరికి మిగిలేది ఆ మిషనేనా?

కిట్టు_ఈఎస్ఆర్: నడిచే మిషను మిగులుతుంది. అద్దాల బీరువాలో పెట్టుకోడానికా ఆయన కొన్నది?

శ్రీను: ఆ ముక్క వాసు గారినే అడగొచ్చుగా.

డాలస్_వాసు: నాకు రెండూ కావాలి, అదే చిక్కు. కెపాసిటర్లు ఊడదీసి కొలిచా. ఒక్కటే పోయింది, మార్చా. ఒక రెగ్యులేటర్ 1 ఓం లోడుతో 5.04 దగ్గర నిలబడింది. రెండోది ఆన్ చేయగానే ఠప్, ఫ్యూజు పోయింది. విప్పి చూస్తే కెపాసిటర్ కాదు, స్విచ్చింగ్ ట్రాన్సిస్టర్ షార్టు. వోల్టేజీ ఎగబాకేసరికి క్రోబార్ ఎస్సీఆర్, అదే వోల్టేజీ మితిమీరితే అడ్డుపడే రక్షణ స్విచ్చు, అవుట్‌పుట్‌ని షార్ట్ చేసేసింది. బోర్డులు లోపల లేవు, బతికిపోయా.

రేడియో_బాబాయ్: ఆ తీసేసిన పాత కెపాసిటర్ ఫార్మ్ చేసి చూశావా?

కిట్టు_ఈఎస్ఆర్: మళ్లీ మొదలు.