వేదిక దిగాక మనలో ఒకరైపోయే కళాకారులు

మూసీ ఒడ్డు, నల్గొండ:
ఉద్యోగరీత్యా బర్మింగ్‌హామ్‌లో ఉన్న రోజుల్లో ఒక శనివారం రాత్రి హ్యాండ్స్‌వర్త్‌లో జమైకా సంగీతమైన రెగే కచేరీకి వెళ్లాను. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబాలు స్థిరపడిన ఆ పేటలోనే 1975లో స్టీల్ పల్స్ బృందం పుట్టింది. నేను విన్నది అంత పేరున్న బృందం కాదు. కచేరీ ముగియగానే గాయకుడు బీరువాలంత స్పీకర్ పెట్టెలను తానే వ్యానులోకి ఎక్కించసాగాడు. నేను రెండో వైపు చేయి వేసినందుకు టీ ఇప్పించి, నాలుగు దెబ్బల్లో మొదటిదాన్ని ఖాళీగా వదిలి మూడోదాని మీద బరువు మోపే ‘వన్ డ్రాప్’ వరుసను బల్ల మీద వాయించి చూపించాడు. బదులుగా నేను మా ఊరి డప్పు దరువు వాయిస్తే, డప్పు కొట్టే రెండు పుల్లల్లో చిర్ర ఏ చేతిలో ఉంటుందో, చిటికెన పుల్ల ఏ చేతిలో ఉంటుందో అడిగి తెలుసుకుని, నాతోపాటు రెండుసార్లు వాయించాడు. మన జాతరల్లో, కచేరీల్లో మీకు ఇట్లాంటి కళాకారులు ఎదురై ఉంటే దయచేసి రాయండి.

గట్టు కింది ఊరు, సూర్యాపేట:
రెండేళ్లకోసారి జరిగే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు పదేళ్ల వయసులో తాతతో వెళ్లి, ఒగ్గుకథ వింటూ డోలు పక్కనే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి నా మీద గొంగడి ఉంది. రాత్రంతా జనాన్ని నవ్వించి, ఏడిపించిన ప్రధాన కథకుడు ఆ చలిలో ఉత్త అంగీతో కూర్చుని ఉన్నాడు. “లేచినవా బిడ్డా? మల్లన్న పెండ్లి అయిపాయె, నువ్వు చూడకపోతివి” అని, నేను నిద్రలో పోగొట్టుకున్న ఘట్టాన్ని డోలు లేకుండా నా ఒక్కడికే మళ్లీ చెప్పాడు.

నల్లమల పిల్ల, అచ్చంపేట:
2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య గారి వల్ల 12 మెట్ల కిన్నెర పేరు అందరికీ తెలిసింది గాని, నా చిన్నతనంలో మరొక వృద్ధ కళాకారుడు మా ఊళ్లో ఇంటింటికీ తిరిగి పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ పాడేవారు. ఒకసారి మా అరుగు మీద కూర్చుని, ఊడిన మెట్టును మైనంతో అతికించి, “నొక్కి చూడు తల్లీ, ఏం కాదు” అంటూ కిన్నెరను నా ఒళ్లో పెట్టారు. బతుకుతెరువైన వాద్యాన్ని ఏడేళ్ల పిల్లకు ఇచ్చిన ఆ నమ్మకాన్ని నేను మరవలేదు.

పాలమూరు పాఠకుడు, జడ్చర్ల:
ఇవన్నీ చదివి సంతోషించాను గాని, ఒక బాధ కూడా చెప్పాలి. మా బంధువుల పెండ్లిలో డప్పు కళాకారులను ఆఖరి బంతి దాకా ఆకలితో నిలబెట్టారు. వాళ్లు నోరు తెరిచి అడగలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ల మంచితనాన్ని మెచ్చుకునే మనమే ముందుగా విస్తరి వేసి, మాట్లాడుకున్న డబ్బును అదే రోజు చేతిలో పెట్టాలి.

మూసీ ఒడ్డు, నల్గొండ:
మీరన్నది నిజం. ఆ రాత్రి వచ్చిన డబ్బు వ్యాను కిరాయికే సరిపోయిందని ఆ గాయకుడు కూడా చెప్పాడు. మిగతా వారమంతా ఆయన బస్సు నడిపేవాడు. అచ్చంపేట చెల్లెమ్మా, ఆ కిన్నెర మీద ఆరోజు మీ వేలికి ఏం పలికింది?