అప్‌డేట్: రోడ్రిగో పేరు ఎక్కడిది?

పోర్చుగీసు లాటిన్ నుంచి పుట్టిన భాష కదా, రోడ్రిగో అనే పేరుకు లాటిన్‌లో అర్థం ఎందుకు దొరకదని ఇదివరకు అడిగాను. ఓపికగా సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మీరు చూపిన దారిలో చదివాక చిక్కుముడి విడింది.

ఇది జర్మానిక్ పేరు, అంటే జర్మన్, ఇంగ్లిష్ చెందిన భాషా కుటుంబానిది. మొదటి సగం ‘హ్రోథ్’, అంటే కీర్తి. రెండోది ‘రీక్స్’, పాలకుడు. నాకు ఒళ్లు పులకరించింది ఇక్కడే: ఈ రీక్స్, లాటిన్ ‘రెక్స్’, సంస్కృత ‘రాజన్’ ఒకే మూలానివి. అంటే మనం రోజూ పలికే ‘రాజు’కు ఇది దూరపు చుట్టం!

5వ శతాబ్దంలో స్వీబీలు, విసిగోతులు అనే జర్మానిక్ తెగలవారు ఐబీరియాకు (ఇప్పటి స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పం) వచ్చారు. వారి భాషలు అక్కడ నిలవలేదు, పేర్లు నిలిచాయి. అఫోన్సో, ఫెర్నాండో, గొన్సాలో అన్నీ ఆ కోవలోవే. 711లో ముస్లిం సేనల చేతిలో ఓడిన విసిగోతు రాజు పేరూ ఇదే. లాటిన్ రాతల్లో ఆయన రోడెరికస్. ఆ రూపంలో ఊనిక లేని ‘ఎ’ జారిపోయింది, అచ్చుల నడుమ ‘క’ ‘గ’గా మారింది. ‘అమీకస్’ (స్నేహితుడు) ‘అమీగో’ అయిందీ అలాగే. గసడదవాదేశ సంధి చదువుకున్న మనకు ఈ మార్పు వింతగా తోచదు.

గోవా, మంగళూరుల్లో వినిపించే రోడ్రిగ్స్ ఇంటిపేరు గురించి కూడా ఒకరు అడిగారు. చివరి ‘ఎస్’కు ‘కొడుకు’ అని అర్థం, కాబట్టి అది ‘రోడ్రిగో కొడుకు’. పోర్చుగల్‌లో విరివిగా పెట్టుకునే ‘రుయీ’ కూడా రోడ్రిగోకు పొట్టి రూపమే.