తెలుగు రాతకు పనికొచ్చే మడత కీబోర్డు: మడత ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న (నెల్లూరు, ఫోన్ల మరమ్మతు)

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాను. మా బావగారు పొదలకూరు నుంచి ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా వార్తలు రాస్తారు. బస్సులోనో, తహసీల్దారు కార్యాలయం మెట్ల మీదో కూర్చుని రోజుకు నాలుగైదు వార్తలు ఫోను అద్దం మీదే రెండు బొటనవేళ్లతో కొడతారు. సగం తెర అక్షరాల పలకకే పోతుంది కాబట్టి రెండో పేరాకు వచ్చేసరికి మొదటి పేరాలో ఏం రాశారో ఆయనకే కనిపించదు. ఫోను వెనక అంటిపెట్టుకుని ఉండి, కావలసినప్పుడు పుస్తకంలా విప్పుకొనే నిజమైన మీటల కీబోర్డు ఒకటి ఆయన కోసం తయారు చేయాలని ఆరు నెలలుగా ప్రయత్నిస్తున్నాను.

ముందు బజారులో దొరికే మూడు మడతల బ్లూటూత్ కీబోర్డే కొని ఇచ్చాను. ఆయనకు ఇన్‌స్క్రిప్ట్, అంటే భారతీయ భాషల కోసం ప్రభుత్వం ప్రామాణికం చేసిన మీటల అమరిక, అలవాటు. ఇన్‌స్క్రిప్ట్‌లో అంకెల వరుసకు ఎడమ చివరన, ఒకటి అంకె పక్కన ఉండే మీట మీద ఒత్వం, అంటే 'ొ' ఉంటుంది. షిఫ్టుతో కలిపి నొక్కితే 'ఒ' వస్తుంది. చోటు కలిసి వస్తుందని ఆ కీబోర్డు తయారుచేసినవారు ఆ మీటనే తీసేసి, ఎఫ్‌ఎన్ మీట పట్టుకుని ఎస్కేప్ నొక్కితే వచ్చేలా పెట్టారు. పొదిలి, కొండపి, కొడవలూరు, ఆఖరికి తన సొంత ఊరు పొదలకూరు రాయాలన్నా ఆయన రెండు మీటలు కలిపి పట్టుకోవాలి, ఒంగోలుకైతే మూడు. వారం తిరగకుండా దాన్ని అటక మీద పెట్టేశారు.

అందుకే సొంతంగా మొదలుపెట్టాను. ఆయన ఫోను పొడవు 162 మి.మీ., వెడల్పు 75 మి.మీ., బరువు 195 గ్రాములు. నాకు తేలనివి మూడు. మడత ఒకటి చాలా, రెండు కావాలా, అది ఏ మీటల మధ్య రావాలి? ఫోను నిలబెడితే వెనక్కి పడిపోకుండా కీబోర్డు ఎంత బరువుండాలి? మడత గుండా పోయే ఫ్లెక్స్‌ను, అంటే రాగి గీతలుండే పలచని వంగే పట్టీని, ఎలా కాపాడుకోవాలి? మూడోది నన్ను ఎక్కువగా భయపెడుతోంది. ఫ్లిప్ ఫోన్లు, స్లైడర్ ఫోన్లు మరమ్మతుకు వచ్చిన రోజుల్లో తెర వెలగడం లేదంటే నేను మొదట చూసేది ఫ్లెక్సునే. భూతద్దం కింద పెడితే మడత దగ్గర రాగి గీత వెంట్రుకంత చీలికతో కనిపించేది. వేలితో నొక్కి పట్టుకుంటే మల్టీమీటరు బీప్ అనేది, వదిలితే ఆగిపోయేది.

జవాబు 1 (ఒంగోలు, పాలిటెక్నిక్‌లో మెకానికల్ బోధించి విరమించినవాడిని)

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి లెక్క ఉంది. నిట్టనిలువు నుంచి 30 డిగ్రీలు వెనక్కి వాల్చి ఫోనును నిలువుగా పెట్టారనుకోండి. దాని గరిమనాభి అడుగు నుంచి సుమారు 81 మి.మీ. ఎత్తులో ఉంటుంది, 30 డిగ్రీల వాలుకు అది బందుకు, అంటే ఫోనూ కీబోర్డూ కలిసే చోటుకు, 40 మి.మీ. వెనక్కి జరుగుతుంది. 195 గ్రాములను 40తో హెచ్చిస్తే 7,800. కీబోర్డు లోతు 72 మి.మీ. అయితే దాని గరిమనాభి బందుకు 36 మి.మీ. ముందు ఉంటుంది. అంటే ఫోను పడిపోకుండా ఆపడానికే దాదాపు 217 గ్రాముల కీబోర్డు కావాలి. ఫోను కన్నా అదే బరువు. ఫోనును అడ్డంగా పెడితే గరిమనాభి 37 మి.మీ. ఎత్తులోనే ఉంటుంది కాబట్టి నూరు గ్రాములతో సరిపోతుందని లెక్క చెబుతుంది. అయితే మీ బావగారు తెర పై అంచును వేలితో తాకిన ప్రతిసారీ ఆ ఫోనును వెనక్కి నెట్టినట్టే అవుతుంది, కనుక నూరు గ్రాములను నమ్ముకోవద్దు.

బరువు పెంచడం దీనికి మందు కాదు. ఫోటో ఫ్రేము వెనక ఉండే కాలులాంటిది ఒకటి, బందుకు వెనకగా 50 మి.మీ. దూరం వరకు నేలను ఆనేలా పెట్టండి. గరిమనాభి ఆ ఆనికకు ముందే ఉంటుంది కాబట్టి కీబోర్డు ఎంత తేలికైనా ఫోను పడదు. 1997లో వచ్చిన సైయాన్ సిరీస్ 5 అనే చేతి కంప్యూటరులో ఇదే చిక్కును మరో దారిలో విప్పారు: మూత తెరుస్తుంటే కీబోర్డు తానే ముందుకు జరిగి, తెర దాని వెనక భాగం మీద ఆనుకునేది. ఆ అమరిక చాలా అందమైనది, కానీ ఇంట్లో చేసుకోగలిగినది కాదు. మరో మాట కూడా ఆలోచించండి: ఫోను కీబోర్డుకు అతుక్కునే ఉండాలన్న పట్టు ఎందుకు? మన ఇళ్లలో పెద్దవాళ్లు పారాయణకు వాడే వ్యాసపీఠం రెండే పలకలు. విప్పితే నిలబడుతుంది, మూస్తే పలచగా అయిపోతుంది. కీబోర్డు పైకప్పునే అలా రెండు ముక్కలుగా చేసుకోవచ్చు.

మడతలు రెండు వద్దు, ఒక్కటే చాలు. ప్రతి మడత బందుకూ కొంత ఆట ఉంటుంది. రెండు బందుల ఆట కలిస్తే మధ్య పలక మీద వేలు పడినప్పుడల్లా ఊగుతుంది. ఆ ఒక్క బందు కూడా 180 డిగ్రీల దగ్గర గట్టిగా ఆగాలి, ఆగిన తరువాత చిన్న గడియ పడాలి. బల్ల మీద అయితే గడియ లేకపోయినా నడుస్తుంది. మీ బావగారు మెట్ల మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుంటారు కదా, గడియ లేకపోతే మధ్యలో కుంగిపోతుంది.

నమూనా త్రీడీ ప్రింటుతో చేస్తారేమో, పీఎల్ఏ ప్లాస్టిక్ వాడకండి. అది 60 డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో బండి డిక్కీలో ఒక మధ్యాహ్నం ఉంచితే బందు వంకర తిరుగుతుంది. పీఈటీజీ కొంత మేలు.

జవాబు 2 (కావలి, డీటీపీ)

మాస్టారు గారు బందు గురించి చెప్పారు. అంతకన్నా ముందు మీటలు తేలాలని నా అభిప్రాయం. నేను డీటీపీలో అను ఫాంట్ల కాలంలో యాపిల్ అనే మీటల అమరిక నేర్చుకుని, యూనికోడ్ వచ్చాక ఇన్‌స్క్రిప్ట్‌కు మారినదాన్ని. ఆ మార్పు కష్టంగానే గడిచింది, కానీ ఇన్‌స్క్రిప్ట్‌లో ఒక క్రమం ఉంది: పై రెండు అక్షరాల వరుసల్లో ఎడమచేతి కింద అన్నీ గుణింతపు గుర్తులు, పొల్లు; కుడిచేతి కింద అన్నీ హల్లులు. కింది వరుసలో మాత్రం మ, న, వ ఎడమవైపుకు వస్తాయి. 'స్త్రీ' కొట్టి చూడండి. స కుడిచేయి, పొల్లు ఎడమచేయి, త కుడి, పొల్లు ఎడమ, ర కుడి, ఈత్వం ఎడమ. ఆరు నొక్కులు, చేతులు ఒకదాని తరువాత ఒకటి, రోకటి పోటులాగా. అందువల్ల మీ మడత రావాల్సిన చోటు గుణింతానికీ హల్లుకూ మధ్యనే, అంటే ఆంగ్ల అక్షరాల్లో టి, జి, బి ఒకవైపు, వై, హెచ్, ఎన్ మరోవైపు. ఆ చోట కాస్త ఖాళీ వచ్చినా చేతికి తెలియదు. మీరు కొన్న మూడు మడతల కీబోర్డులో మడతలు ఒక్కో చేతి మధ్యలో పడి ఉంటాయి.

రెండు రెక్కలు సమానంగా ఉండాలని అనుకోవద్దు. హల్లుల వైపు మీటలు ఎక్కువ. ఆంగ్లంలో పి తరువాత వచ్చే బ్రాకెట్ మీట మీద డ, ఢ ఉంటాయి. దాని పక్క మీట మీద షిఫ్టుతో ఞ. ఎల్ తరువాత చ, ఆ తరువాత ట. ఇంగ్లీషువాళ్లకు విరామ చిహ్నాలుండే చోటు మనకు వర్ణమాల. చిన్న కీబోర్డులు చేసేవాళ్లు ముందు కోసేది ఆ చివరి మీటలనే. అంకెల వరుసలో ఎడమ చివరన ఒత్వం, కుడి చివరన ఋత్వం ఉన్నాయి. మొదటిది లేకపోతే ఒంగోలు లేదు, రెండోది లేకపోతే కృష్ణపట్నం లేదు. ఈ రెంటినీ ఎఫ్‌ఎన్ చాటున దాచకండి. ఎవరో ఒకరు దాగాలంటే అంకెలు దాగనివ్వండి.

జవాబు 3 (సొంతూరు కొడవలూరు, ప్రస్తుతం బెంగళూరులో ఫర్మ్‌వేర్ పని)

కావలి మేడం గారు చెప్పినదానికి సాంకేతికంగా సులభమైన దారి ఉంది. కీబోర్డు ఫోనుకు అక్షరాన్ని పంపదు, మీట స్థానాన్ని తెలిపే సంఖ్యను పంపుతుంది; దాన్ని తెలుగు అక్షరంగా మార్చేది ఫోనులోని లేఅవుట్. ఒత్వపు మీట సంఖ్య పదహారు ఆధార లెక్కలో 35. ఆ సంఖ్యను పంపే మీట మూలనే ఉండాలని నియమం లేదు. క్యాప్స్ లాక్ ఉండే చోటు ఎడమ చిటికెన వేలి పక్కనే ఉంది, ఇన్‌స్క్రిప్ట్ రాతలో దానితో పని లేదు. 35ను అక్కడ పెట్టండి. ఋత్వాన్ని కుడి చివరి నిలువు వరుసలోకి తెండి. ఇక అంకెల వరుసను తీసేసి ఎఫ్‌ఎన్ కిందకు పంపవచ్చు.

అప్పుడు కొలతలు ఇలా వస్తాయి. మామూలు కీబోర్డులో మీటకూ మీటకూ మధ్య దూరం 19.05 మి.మీ. కైల్ వారి చాక్ అనే పొట్టి మీటలను 18 మి.మీ. అడ్డం, 17 మి.మీ. నిలువు దూరంతో అమర్చుకోవచ్చు. నాలుగు వరుసలు 68 మి.మీ.; ఫోను వెడల్పులో ఇమిడిపోతాయి. ఎడమ రెక్కకు ఆరు నిలువు వరుసలు, 108 మి.మీ.; కుడి రెక్కకు ఎనిమిది, 144 మి.మీ. మడిచినప్పుడు ఎడమ రెక్క పక్కన 36 మి.మీ. ఖాళీ మిగులుతుంది కనుక ఆ రెక్కను అంత మేర పొడిగించి, సర్క్యూటునూ బ్యాటరీనీ అక్కడ పెడితే మందం పెరగదు. అయితే మామూలు కీబోర్డులో వరుసలు ఒకదానికొకటి పక్కకు జరిగి ఉంటాయి కాబట్టి మడత గీత మెట్లు మెట్లుగా వస్తుంది. అది నిటారుగా రావాలంటే మీటలను నిలువు వరుసల్లో తిన్నగా పేర్చాలి. చేతికి కొన్నాళ్లు కొత్తగా ఉంటుంది.

ఫ్లెక్స్ సంగతి. కుడి రెక్కలో నాలుగు అడ్డ వరుసలు, ఎనిమిది నిలువు వరుసలు, మొత్తం 12 తీగలు మడత దాటాలి. కుడి రెక్కలోనే ఎంసీపీ23017 చిప్పు పెడితే ఆ 12నూ అదే చదువుకుంటుంది. మడత దాటేవి కరెంటుకు రెండు, సమాచారానికి రెండు, నాలుగే. గీతలు వెడల్పుగా వేయవచ్చు, ఒక్కొక్కటి జంటగా కూడా వేయవచ్చు. మడత ఉన్నచోట టంకం గానీ, పొరలు కలిపే రంధ్రాలు గానీ ఉండకూడదు. గీతలు మడత రేఖకు లంబంగా దాటాలి. ఒకే చోట పదునుగా వంగకుండా బందు లోపల విశాలమైన మెలికగా తిరగాలి. ఫ్లెక్స్ చేయించేటప్పుడు రోల్డ్ అనీల్డ్ రాగి అని ప్రత్యేకంగా అడగండి. విద్యుత్తుతో పూతగా పేర్చిన మామూలు రాగి కన్నా అది పదేపదే వంగడాన్ని ఎక్కువగా తట్టుకుంటుంది.

ఫోను వైపు ఒక్కటే జాగ్రత్త. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో ఫిజికల్ కీబోర్డు దగ్గర తెలుగు లేఅవుట్ ఉందేమో చూడండి. లేకపోతే లేఅవుట్ ఫైలున్న చిన్న యాప్ చేసి చేర్చవచ్చు, ఆండ్రాయిడ్ 4.1 నుంచి ఆ వీలుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో దాదాపుగా ఒక నొక్కుకు ఒక యూనికోడ్ గుర్తు కాబట్టి ఇది సాధ్యం. ఆంగ్ల అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతికి ఇంతటితో సరిపోదు.

మళ్లీ అడిగినవారు (నెల్లూరు)

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి చెప్పుల డబ్బా అట్టను మాస్టారు గారి కొలతలకు కోసి, వెనక కాలు అతికించి, ఫోను నిలబెట్టి చూశాను. నిలువుగా పెట్టి తెర పై అంచున నాలుగుసార్లు గట్టిగా తట్టినా కదలలేదు. కాలు 50 నుంచి 35 మి.మీ.కు తగ్గించగానే మొదటి తట్టుకే వెల్లకిలా పడింది. మూత పట్టి ఉంచడానికి అయస్కాంతాలు వాడదామనుకున్నాను, అది మానుకున్నాను. ఫ్లిప్ కవర్ల కోసం ఫోన్లలో ఉండే సెన్సరుకు అయస్కాంతం దగ్గరైతే తెర ఆరిపోతుందని, దిక్సూచి తప్పుతుందని దుకాణంలో చూస్తూనే ఉంటాను, గడియతోనే సరిపెడతాను. బ్లూటూత్ కూడా ఇప్పటికి వద్దు. తీగతో కలిపితే బ్యాటరీ అక్కరలేదు, కరెంటు ఫోనే ఇస్తుంది. అయితే కీబోర్డును నేరుగా ఛార్జింగ్ పిన్నులోకి గుచ్చితే ప్రతి కదలికా ఆ పిన్ను మీదే పడుతుంది. వదులైన ఛార్జింగ్ పిన్నులు మార్చడమే నా రోజువారీ పనిలో పెద్ద భాగం కాబట్టి జానెడు మెత్తని తీగ పెట్టి, చివర సి-టైపు ప్లగ్గు ఉంచుతాను.

మీటల అమరిక మీద మాత్రం బావగారికి, నాకు ఇంకా తేలలేదు. తిన్నని వరుసలతో అట్ట మీద గీసిన మీటల మీద ఆయన చేత కళ్లు మూయించి 'పొదలకూరు' కొట్టించాను. ఒత్వం దగ్గర చిటికెన వేలు ఐదుసార్లలో ఐదుసార్లూ సరిగా పడింది. ఆయన ముఖం వెలిగిపోయింది. కింది వరుసలో మ, న దగ్గర వేలు ప్రతిసారీ అర మీట కుడికి పోతోంది. ఇది అలవాటుతో పోయేదా, లేక మడత గీత మెట్లుగా వచ్చినా సరే కింది వరుసను పక్కకు జరపాల్సిందేనా అన్నది నా చేతులతో తేలదు, నాకు టైపింగు రాదు. కావలి మేడం గారూ, మీకు అభ్యంతరం లేకపోతే ఆదివారం బావగారిని, రెండు రకాల అట్ట నమూనాలను తీసుకుని మీ దగ్గరికి వస్తాను. మీరు రోజూ రాసే బల్ల మీద పెట్టి ఒక పేజీ కొట్టి చెప్పండి, ఆ తరువాతే బోర్డు గీస్తాను.