ట్రిక్సీ వదిలి డెబియన్ టెస్టింగ్‌కి వెళ్లొచ్చా? రోజూ వాడే లాప్‌టాప్ ఇదే

పోకచెక్క:
కొత్త లాప్‌టాప్‌లో డెబియన్ లైనక్స్ 13 (పేరు ట్రిక్సీ, స్టేబుల్ అంటే నిలకడైన విడుదల) ఎక్కించా. వైఫై చిప్ మరీ కొత్తది, ట్రిక్సీలో వచ్చే 6.12 కర్నెల్ (హార్డ్‌వేర్‌ని నడిపే సిస్టమ్ గుండెకాయ) దాన్ని గుర్తుపట్టట్లేదు. ఫోన్‌కి కేబుల్ పెట్టి నెట్టుకొస్తున్నా. ఆఫీసులో ఒకాయన, "ప్యాకేజీలు ఎక్కణ్ణుంచి రావాలో చెప్పే సోర్సెస్ ఫైల్‌లో ట్రిక్సీ తీసేసి టెస్టింగ్ అని రాయి, రెండు నిమిషాల పని" అన్నాడు. నా ఉద్యోగం ఈ మెషీన్ మీదే, నాన్న బ్యాంకు పనులూ దీంట్లోనే. మార్చేయమంటారా?

కంచుగంట:
వెళ్లడానికి రెండు నిమిషాలే తమ్ముడూ. తిరిగి రావడానికే దారి లేదు. టెస్టింగ్ అంటే తర్వాతి విడుదల తయారయ్యే చోటు. అక్కణ్ణుంచి స్టేబుల్‌కి దిగడానికి డెబియన్ సపోర్ట్ ఇవ్వదు, మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. అయినా ఒక్క వైఫై కోసం సీ లైబ్రరీ నుంచి డెస్క్‌టాప్ దాకా అన్నీ మార్చుకోవడమేంటి? ట్రిక్సీ-బ్యాక్‌పోర్ట్స్ అని ఉంది, స్టేబుల్ కోసం కొత్త ప్యాకేజీలు కట్టి పెట్టే చోటు. ఆ లైన్ చేర్చి, కొత్త కర్నెల్ ఒక్కటి అక్కణ్ణుంచి తెచ్చుకో. ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే కోడ్) ప్యాకేజీ కూడా అక్కడిదే వెయ్యి. చాలామంది కర్నెల్ మార్చి ఇది మర్చిపోతారు, తర్వాత "అయినా పనిచెయ్యట్లేదు" అని వస్తారు.

రోలింగ్_రాజు:
టెస్టింగ్ పేరెత్తితే చాలు, జనాన్ని భయపెట్టేస్తారు. పేరులో "టెస్టింగ్" ఉన్నంత మాత్రాన అది ప్రయోగశాల కాదు. ప్యాకేజీ ముందు అన్‌స్టేబుల్‌లోకి, అంటే సిడ్‌లోకి వస్తుంది. అర్జెన్సీని బట్టి 2, 5 లేదా 10 రోజులు అక్కడ కూర్చుంటుంది. విడుదలను ఆపేంత పెద్ద బగ్ కొత్తగా ఏదీ రాకపోతేనే టెస్టింగ్‌లోకి దిగుతుంది. ఈలోపు దెబ్బలన్నీ సిడ్ వాళ్లు తినేసి ఉంటారు. అందరూ స్టేబుల్‌లో దుప్పటి ముసుగేసుకుంటే బగ్గులు ఎవరు పట్టాలి? 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, దొరికిన సంగతి గుర్తులేదా? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ సిడ్ మీద ఏదో కొలుచుకుంటూ, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్లే) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని తవ్వబట్టే అది బయటపడింది.

కంచుగంట:
ఆ కథ నా వైపుదే రాజూ. పాడైన ఎక్స్‌జెడ్ 5.6.0 సిడ్ దాటి టెస్టింగ్‌లోకి కూడా దిగిపోయింది. నువ్వు చెప్పే నిరీక్షణ దాన్ని ఆపలేదు, ఎందుకంటే ఎవరూ బగ్ రాయలేదు, ఎవరికీ తెలియదు కాబట్టి. అప్పటి స్టేబుల్ బుక్‌వార్మ్‌లో ఉన్నది 5.4.1. వాళ్లు ఆ వారం వార్తలు చదివి ఊరుకున్నారు, అంతే. సిడ్ వాళ్లకేమో 5.6.1+రియల్లీ5.4.5 అనే విచిత్రమైన నంబరుతో పాత కోడ్‌నే కొత్త వెర్షన్‌గా పంపాల్సి వచ్చింది.

సిడ్_అక్క:
నేను రోజూ సిడ్ వాడతాను, అందుకే చెప్తున్నా: టెస్టింగ్ మాత్రం వద్దు. కొత్తవి కావాలంటే సిడ్, నెమ్మది కావాలంటే స్టేబుల్. సెక్యూరిటీ ప్యాచ్ దారి చూడండి. స్టేబుల్‌కి సెక్యూరిటీ టీమ్ నేరుగా పంపుతుంది. సిడ్‌కి మెయింటెయినర్ అప్‌లోడ్ చేస్తే వచ్చేస్తుంది. టెస్టింగ్ మాత్రం సిడ్ నుంచి ఎప్పుడు దిగుతుందా అని చూస్తూ కూర్చోవాలి, మధ్యలో ఏదైనా లైబ్రరీ ట్రాన్సిషన్ (లైబ్రరీతో పాటు దాని మీద ఆధారపడ్డవన్నీ కలిసి మారడం) అడ్డుపడితే ఆ ప్యాచ్ కూడా ఇరుక్కుంటుంది.

2024 వసంతంలో అదే జరిగింది. 2038 జనవరి 19న 32 బిట్ల టైమ్ లెక్క నిండిపోతుంది కదా, ఆ సమస్య కోసం వందల లైబ్రరీల పేర్ల చివర టీ64 తగిలించారు. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 కాస్తా లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయింది. మన 64 బిట్ మెషీన్లకి ఆ మార్పుతో అవసరమే లేదు, కానీ పేరు అన్ని చోట్లా ఒకటే ఉండాలి. వారాల తరబడి చాలా ప్యాకేజీలు సిడ్‌లోనే ఆగిపోయాయి. సిడ్‌లో ఆ రోజుల్లో ఫుల్-అప్‌గ్రేడ్ కొడితే తీసేయబోయే ప్యాకేజీల జాబితా స్క్రీన్ దాటి కిందికి పోయేది, అందులో సగం డెస్క్‌టాప్. అది చదివి "ఎన్" కొట్టి వారం ఆగినవాళ్లకి ఏమీ కాలేదు. చదవకుండా "వై" కొట్టే అలవాటుంటే సిడ్ జోలికి రావద్దు.

రోలింగ్_రాజు:
అక్కా, సెక్యూరిటీ విషయంలో మీ మాట కాదనను. కానీ ఏపీటీ-లిస్ట్‌బగ్స్ పెట్టుకుంటే పెద్ద బగ్ ఉన్న ప్యాకేజీ దిగకముందే చెప్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మీద స్నాప్‌షాట్ ఉంటే పొద్దున పాడైంది మధ్యాహ్నానికి వెనక్కి. పైగా విడుదలకి ముందు కొత్త మార్పులు ఆపే ఫ్రీజ్ నెలల్లో టెస్టింగ్ దాదాపు స్టేబులే. ట్రిక్సీ ఫ్రీజ్ 2025 మార్చిలో మొదలైంది, విడుదల ఆగస్టు 9న. ఆ మధ్యలో ఎక్కినవాళ్లు హాయిగా ఉన్నారు.

కంచుగంట:
ఇప్పుడది ఫ్రీజ్‌లో ఉందా లేదా అన్నది చూసుకోవాల్సింది అతనే కదా. ఆ ఓపిక ఉన్నవాడైతే ఇక్కడ అడిగేవాడే కాదు. బగ్గులు పట్టే పుణ్యం నాన్న బ్యాంకు లాప్‌టాప్‌కి ఎందుకయ్యా?

పోకచెక్క:
బ్యాక్‌పోర్ట్స్ కర్నెల్ వేశా. ముందు వైఫై రాలేదు. డీమెసేజ్‌లో (కర్నెల్ సందేశాల జాబితా) చూస్తే కర్నెల్ చిప్‌ని గుర్తుపట్టింది, ఫర్మ్‌వేర్ ఫైల్ దొరకట్లేదంటోంది. కంచుగంట అన్న చెప్పినట్టు అదీ అక్కణ్ణుంచే వేస్తే వచ్చేసింది. ఇక ఇది ట్రిక్సీలోనే ఉంటుంది. కొత్త లిబ్రే ఆఫీస్ కావాలి, దానికి ఫ్లాట్‌ప్యాక్ (సిస్టమ్‌ని కదపకుండా యాప్‌ని విడిగా వేసుకునే పద్ధతి) చాలనుకుంటున్నా. కానీ రాజు అన్న మాట వింటే చెయ్యి దురద పెడుతోంది. అటక మీద పాత లాప్‌టాప్ ఉంది, దాంట్లో సిడ్ వేసి చూడనా?

రోలింగ్_రాజు:
వెయ్యి, వెయ్యి. టెస్టింగ్ అయినా సరే. టెస్టింగ్ వేస్తే మాత్రం సోర్సెస్‌లో "టెస్టింగ్" అని కాకుండా "ఫోర్కీ" అని, అంటే తర్వాతి విడుదల పేరు, రాయి. అది విడుదలైన రోజు నువ్వూ స్టేబుల్‌లో ఉంటావు. లేకపోతే మర్నాటి నుంచి తర్వాతి వెర్షన్ వరద మొదలవుతుంది.

సిడ్_అక్క:
ముందు ఆ పాతది 64 బిట్టో కాదో చూసుకో. ట్రిక్సీ నుంచే ఐ386కి (32 బిట్ పీసీలకి) కర్నెల్, ఇన్‌స్టాలర్ ఆపేశారు. 32 బిట్ ప్రాసెసర్ అయితే ఈ చర్చ మొత్తం దానికి వర్తించదు.